సెలవు రోజుకి 'మస్ట్ నాట్' రాస్తే మార్కు కొట్టేస్తారా?

పొదలకూరు రోడ్డు:
మా పాప ఏడో తరగతి, నెల్లూరులో ఇంగ్లీషు మీడియం. యూనిట్ టెస్టులో ఖాళీ పూరించమని ఇలా ఇచ్చారు: 'టుమారో ఈజ్ ఎ హాలిడే. యూ ____ కమ్ టు స్కూల్.' మస్ట్ నాట్, నీడ్ నాట్, ఈ రెండింట్లో ఒకటి రాయాలి. పాప మస్ట్ నాట్ రాసింది, మార్కు పోయింది. సెలవు రోజు బడికి రాకూడదు కదా, గేటుకి తాళం వేసి ఉంటుంది. ఇందులో తప్పేముంది? టీచర్ని అడిగితే 'కీలో అలాగే ఉందండీ' అన్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

కావలి మాస్టారు:
మార్కు తీసేయడం సరైనదే అమ్మా. మస్ట్ నాట్ అంటే నిషేధం, వస్తే తప్పు చేసినట్టు. నీడ్ నాట్ అంటే రావాల్సిన పని లేదు, వచ్చినా ఎవరూ తప్పు పట్టరు. చూడాల్సింది నాట్ దేనిమీద పనిచేస్తోందన్నది. మస్ట్ పక్కన నాట్ వచ్చినా తప్పనిసరి అన్న అర్థం పోదు. నాట్ వెళ్లి తర్వాతి క్రియ మీద పడుతుంది, అంటే రాకుండా ఉండడమే తప్పనిసరి. నీడ్ దగ్గర అలా కాదు, నాట్ ఆ అవసరాన్నే కొట్టేస్తుంది. క్యాన్ కూడా అంతే, క్యానాట్ అంటే శక్తి లేదు, లేదా అనుమతి లేదు. కాబట్టి మస్ట్‌లో ఉన్న తప్పనిసరిని తీసేయాలంటే మస్ట్ నాట్ పనికిరాదు. నీడ్ నాట్ అయినా వాడాలి, డోంట్ హావ్ టు అయినా వాడాలి.

ఆత్మకూరు అభ్యర్థి:
డీఎస్సీకి చదువుతున్నా. క్యానాట్ కలిపి రాయాలా, విడదీసి రాయాలా? మాక్ టెస్టులో విడదీసి రాస్తే తప్పు వేశారు.

పొదలకూరు రోడ్డు:
మాస్టారూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానప్పుడు బడులకి సెలవిచ్చారు. ఆ రోజు పిల్లల్ని గడప దాటనివ్వకూడదు. అది మస్ట్ నాట్ కాదా?

కావలి మాస్టారు:
అప్పుడు మస్ట్ నాటే. కానీ ఈ ప్రశ్నలో తుపాను లేదు, ఊరికే సెలవు అని ఉంది.

ఒంగోలు బైపాస్:
ఇలాంటివాటితోనే పిల్లలు నోరు విప్పడం మానేస్తున్నారు మాస్టారూ. బీటెక్ అయ్యాక హైదరాబాదులో గ్రూప్ డిస్కషన్‌కి వెళ్లాను. గ్రామరంతా వచ్చు నాకు. చెప్పాల్సింది తెలుగులో అనుకుని, ఇంగ్లీషులోకి తిప్పుకుని, అక్కడ షుడ్ నాట్ సరిపోతుందా మస్ట్ నాట్ సరిపోతుందా అని చూసుకునేలోపల పక్కవాడు చెప్పేశాడు. ఉద్యోగం వాడికే వచ్చింది. వాడి మోడల్ వెర్బులు ఎవరూ లెక్కపెట్టలేదు. సెలవు రోజున మస్ట్ నాట్ కమ్ అంటే అర్థం కానిది ఎవరికి?

కోర్టు సెంటర్:
అర్థమైతే చాలు అంటే కుదరదండీ. రాజ్యాంగం 14వ అధికరణం తీయండి. 'ది స్టేట్ షల్ నాట్ డినై' అని మొదలవుతుంది. చట్టం ముందు సమానత్వాన్ని ప్రభుత్వం నిరాకరించడానికి వీల్లేదని దాని అర్థం. అక్కడ నీడ్ నాట్ పెట్టి చదవండి. నిరాకరించాల్సిన అవసరం లేదు, నిరాకరించినా అడిగేవాడు లేడు అని వస్తుంది. ఇంటి అద్దె అగ్రిమెంటులో ఈ ఒక్క ముక్క మీదే దావాలు నడుస్తాయి.

ఒంగోలు బైపాస్:
ఏడో తరగతి పాపకి రాజ్యాంగం ఎందుకు సార్?

సింగరాయకొండ సిస్టర్:
నేను నర్సుని, జర్మనీ వెళ్లడానికి భాష నేర్చుకుంటున్నా. వాళ్లకి మస్ట్‌లాంటిదే ముస్సెన్ అనే క్రియ ఉంది. దానికి నాట్‌లాంటి నిష్ట్ అనే మాట చేరిస్తే 'అవసరం లేదు' అని అర్థం. నిషేధానికి డ్యుర్ఫెన్ అనే వేరే క్రియకి నిష్ట్ చేర్చి వాడతారు. అందుకే జర్మన్లు కూడా ఇంగ్లీషు మస్ట్ నాట్ దగ్గర పొరబడతారు. పాపని ఏమీ అనకండక్కా.

మా నాన్న సంగతి చెప్తాను. ల్యాబు వాళ్లిచ్చిన కాగితం మీద 'యూ మే నాట్ ఈట్ బిఫోర్ ది టెస్ట్' అని ఉంది. తినకపోయినా పర్లేదు, తిన్నా పర్లేదు అనుకుని ఇడ్లీ తిని వెళ్లారు. ఫాస్టింగ్ షుగర్ టెస్టు కాబట్టి వెనక్కి పంపేశారు. షుగర్ ఉన్న పెద్దాయన మళ్లీ మర్నాడు పొద్దున్నే ఖాళీ కడుపుతో బస్సెక్కాల్సొచ్చింది. మే నాట్‌కి అనుమతి లేదనీ అర్థమే, జరగకపోవచ్చు అనీ అర్థమే. 'ఇట్ మే నాట్ రెయిన్' అంటే వాన పడకపోవచ్చని కదా. పేషెంట్ల కాగితాల మీద నేనైతే డు నాట్ అనే రాస్తాను.

ఒంగోలు బైపాస్:
చూశారా, పెద్దాయన తెలుగులోకి మార్చుకోబట్టే ఆ తిప్పలు.

కావలి మాస్టారు:
కాదు నాయనా. మే నాట్‌లో రెండు అర్థాలూ ఇంగ్లీషులోనే ఉన్నాయి. రాసినవాళ్లు అజాగ్రత్తగా రాస్తే తెలుగుని నిందిస్తారేం?

ఒంగోలు బైపాస్:
తెలుగుని కాదు, మీలాంటి మాస్టర్లని నిందిస్తున్నా. తెలుగులో చెప్పీ చెప్పీ మమ్మల్ని ఎటూ కాకుండా చేశారు.

కావలి మాస్టారు:
ఎటూ కాకుండా చేసింది ఎవరు? జిల్లా పరిషత్ బడిలో రిటైరయ్యేదాకా ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. 'తినకూడదు' అని అమ్మ అంటే ఒకటి, 'తినక్కర్లేదు' అంటే ఇంకొకటి. ఈ తేడా మన నెల్లూరు జిల్లాలో బడికి వెళ్లని పిల్లకి కూడా తెలుసు. మస్ట్ నాట్ పక్కన మొదటిది, నీడ్ నాట్ పక్కన రెండోది బోర్డు మీద రాస్తే రెండు నిమిషాల్లో అయిపోయే పాఠం ఇది. ఇప్పుడు చాలా కాన్వెంట్లలో టీచరు తెలుగు మాటంటే తప్పు, పిల్ల అంటే ఫైను. పిల్లకి వచ్చినదాన్ని నోరు మూయించి, రానిదాన్ని బట్టీ పట్టిస్తున్నారు. ఆ పాప మార్కు పోయింది అక్కడ.

కోర్టు సెంటర్:
2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షను కూడా ఆచరణలో వీలైనంతవరకు మాతృభాషలోనే బోధించాలంటుంది. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం పెడుతూ 2019 నవంబరులో ఇచ్చిన జీవోల్ని హైకోర్టు 2020 ఏప్రిల్లో కొట్టేసింది.

ఒంగోలు బైపాస్:
ఆ తీర్పు గురించే ఎవరో ఒకరు ఎత్తుతారని చూస్తున్నా. మా నాన్న పొగాకు వేలం కేంద్రంలో బేళ్లు మోసేవాడు. ఫీజు కట్టలేక నన్ను తెలుగు మీడియంలో వేశాడు, భాష మీద ప్రేమతో కాదు. మా ఊళ్లో తెలుగు గొప్పదని మైకు పట్టుకుని చెప్పినవాళ్ల పిల్లలంతా పొద్దున్నే కాన్వెంటు బస్సెక్కేవాళ్లు. జీవోలు కొట్టేశారని విన్న రోజు, మాలాంటివాళ్ల మొహం మీదే తలుపేసినట్టనిపించింది. మీ పిల్లలు ఏ మీడియంలో చదివారు మాస్టారూ? నిజం చెప్పండి.

కావలి మాస్టారు:
ఇద్దరూ నేను పనిచేసిన బడిలోనే, తెలుగు మీడియంలో. ఊళ్లో అడగండి, చెప్తారు. మీ నాన్నగారి కష్టాన్ని నేను తక్కువ చేయను. మీడియం ఏదైనా పెట్టుకోండి, నా గొడవ అది కాదు. ఇంగ్లీషు పీరియడులో కూడదు, అక్కర్లేదు అనే మాటలు పలకనివ్వమంటున్నా, అంతే.

కోర్టు సెంటర్:
ఆత్మకూరు తమ్ముడికి ఇందాకటినుంచీ ఎవరూ చెప్పలేదు. క్యానాట్ మామూలుగా కలిపే రాస్తారు. 'నాట్ ఓన్లీ' అనే జంట క్యాన్ వెంట వచ్చినప్పుడు విడిగా రాస్తారు.

ఆత్మకూరు అభ్యర్థి:
థాంక్యూ సార్. నీడ్ నాట్ హావ్ కమ్ అన్నా, డిడ్ నాట్ నీడ్ టు కమ్ అన్నా ఒకటేనా?

కావలి మాస్టారు:
ఒకటి కాదు. మొదటిదానిలో మనిషి వచ్చాడు, ఆ రాక అనవసరమైంది. రెండోదానిలో అవసరం లేదని మాత్రమే తెలుస్తుంది, వచ్చాడో లేదో ఆ వాక్యం చెప్పదు.

ఒంగోలు బైపాస్:
మీ పిల్లల్ని అక్కడే చదివించారంటే మీ మీద గౌరవం పెరిగింది. కానీ మా బడిలో రెండు నిమిషాలన్న తెలుగు పీరియడు మొత్తం మింగేసేది. నోట్సు చెప్పి రాయించేటప్పుడు తప్ప మాకు ఇంగ్లీషు వాక్యం చెవిన పడిందే లేదు. మీరు రెండు నిమిషాల్లో ఆపగలరేమో, అందరు మాస్టర్లూ ఆపరు. నా కూతురు మస్ట్ నాట్, నీడ్ నాట్ తారుమారు చేసి పది మార్కులు పోగొట్టుకున్నా సరే, ఇంగ్లీషు పీరియడులో ఇంగ్లీషే వినపడే బడికి పంపుతా.