వాచీల ధర పెరిగింది సరే, పెట్టుకున్నవాళ్ల తృప్తి పెరిగిందా?

మలక్‌పేట్_వాసి:
మా తమ్ముడు ముప్ఫై వేలు పెట్టి కొన్న స్మార్ట్‌వాచీ మూడేళ్లకే ఆగిపోయింది. బ్యాటరీ మార్చమంటే సర్వీస్ సెంటర్ వాళ్లు "కొత్తది తీసుకోండి" అన్నారు. మా నాన్న హెచ్‌ఎంటీ జనతా మాత్రం బీరువాలోంచి తీసి కీ ఇవ్వగానే టిక్‌టిక్‌మంది. ధర పెరిగింది, తృప్తి తగ్గింది. మీరేమంటారు?

కాచిగూడ_క్వార్ట్జ్:
ఒప్పుకోను అన్నా. క్వార్ట్జ్ వాచీ అంటే కీ అక్కర్లేకుండా బ్యాటరీతో నడుస్తూ, స్ఫటికం కంపనాలతో టైం లెక్కపెట్టేది. 1969 డిసెంబర్‌లో వచ్చిన మొదటి క్వార్ట్జ్ వాచీ, సీకో ఆస్ట్రాన్, ధర 4,50,000 యెన్లు. జపాన్‌లో అప్పుడు ఆ డబ్బుకు చిన్న కారు వచ్చేది. ఈరోజు సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం కోఠి ఫుట్‌పాత్ మీద అమ్మే మూడొందల వాచీలో కూడా ఉంది. నెలకు తేడా కొన్ని సెకన్లే. మా ఇంట్లో కీ వాచీ ఉన్నప్పుడు, రోజూ పొద్దున రేడియో వార్తలు మొదలవగానే ముల్లు సరిచేసేవాళ్లం. ఆ టెన్షన్‌ని తృప్తి అంటారా? 1984లో పుట్టిన టైటాన్ క్వార్ట్జ్‌నే నమ్ముకుంది, జనం అటే వెళ్లారు. 2016లో హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్రం నిర్ణయించిందంటే ఊరికే కాదు.

మలక్‌పేట్_వాసి:
ధర సంగతిలో నీదే కరెక్ట్ తమ్మీ. సరైన టైం నిజంగానే చవకైంది, నేను అన్నీ ఒకే గాటన కట్టాను. కానీ తృప్తి టైంతోనే అయిపోదు. నాన్న వాచీ రోజుకు రెండు నిమిషాలు వెనకబడుతుంటే కోఠిలో సందు మొదట్లో బల్ల వేసుకుని కూర్చునే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. కంటికి భూతద్దం పెట్టుకుని వెనక మూత విప్పారు. "ఆయిల్ ఎండిపోయింది బేటా, అంతే" అన్నారు. చక్రాలు ఒక్కొక్కటీ పట్టకారుతో తీసి, పెట్రోల్‌లో కడిగి, తెల్ల కాగితం మీద వరసగా ఆరబెట్టారు. అరగకుండా ఇరుసులకు కూర్చిన ఎర్ర రాళ్లు అందులో పదిహేడు. నలభై ఏళ్ల వాచీని విప్పి, మళ్లీ కూర్చి, నా చేతికిచ్చారు. తమ్ముడి వాచీని విప్పేవాళ్లే లేరు. నా గొడవంతా అదే. బాగుచేయలేని వస్తువుకు ముప్ఫై వేలు ఎందుకు పెట్టాలి?

ఇంకో మాట. ఆయన బల్ల మీద బిస్కెట్ డబ్బా నిండా పాత వాచీల భాగాలే. కొత్తవి దొరకవు కాబట్టి, ఆగిపోయినవాటిలోంచి తీసి దాచుకుంటున్నారు. ఆ పని నేర్చుకుంటున్న కుర్రాడెవరూ పక్కన లేడు.

కాచిగూడ_క్వార్ట్జ్:
టైం విషయంలో నా మాట మారదు. కానీ ఆ సందు ఎటువైపో చెప్పు అన్నా. మా తాతది ఒకటి ఆగిపోయి ఉంది.