మలయానిలమా, అలసానిలమా? వసుచరిత్ర పాదం, ధనుష్కోడి గాలి

తెరచాప:
రామరాజభూషణుడి వసుచరిత్రలో వసంతాన్ని వర్ణించే “లలనాజనాపాంగ” సీసం ఇక్కడ అందరికీ నోటికి వచ్చిందే కదా. రెండో పాదం దగ్గర పేచీ. నోటికి “మలయానిల విలోల దళసాసవ రసాల” అని వస్తోంది, చెవికేమో “మలసానిల” అని గుర్తు. ఏది సరి? చైత్రంలో రామేశ్వరం దగ్గరి ధనుష్కోడిలో విండ్‌సర్ఫింగ్ (తెరచాప కట్టిన బోర్డు మీద నిలబడి నీళ్లపై సాగే ఆట) అనుకుంటుంటే ఇది పట్టుకుంది. మలయానిలమైతే గాలి దక్షిణాన్నుంచి వస్తుంది, ఏ ఒడ్డున దిగాలో తెలుస్తుంది. అలసానిలమైతే, అంటే మెల్లని గాలైతే, దిక్కు తెలీదు, బలం మాత్రం తెలుస్తుంది. 6.5 చదరపు మీటర్ల సెయిల్ చాలా, 7.5 కూడా మోయాలా?

యతిప్రాస:
“మలయ” కాదండీ. ఆ మకారం గాలిది కానే కాదు, పై పాదానిది. దోఃప్రసంగము + అలసానిల. కింది పాదాలూ అదే వరస: విశాలము + అలినీ, వధూకము + అతికాంత. “మలయ” అన్నారంటే పై పాదంలో “ప్రసంగ” ప్రత్యయం లేకుండా వేలాడుతుంది. పోనీ, వ్యాకరణం పక్కన పెట్టి వినండి. మొదటి పాదంలో లలనా, వలనా, తులనా. రెండో పాదంలో అలసా, దళసా, ఫలసా. ఆ “సా” తీసి “యా” పెడితే భట్టుమూర్తి (రామరాజభూషణుడే) వీణకు ఒక తీగ తెగినట్టే.

జిగిబిగి:
“అలసాని” అనగానే అల్లసాని గుర్తొచ్చేవాళ్లం కొందరం ఉన్నాం. పెద్దన పేరును గాలిలో దాచాడని వాదించవచ్చు గానీ ఈసారికి వదిలేస్తున్నా. సంధి మీరన్నదే ఒప్పు. కానీ చదివేటప్పుడు పాదం “మల-” అనే మొదలవుతుంది. వసంతం, గాలి, “మల-”. ఈ మూడూ కలిస్తే ఏ శ్రోత చెవైనా “య”తోనే పూరించుకుంటుంది. ఆ సంగతి రామరాజభూషణుడికి తెలియదంటారా? చెవికి మలయం, అన్వయానికి అలసం. రెండూ ఆయనవే.

యతిప్రాస:
చెవికి వినబడేదల్లా కవి ఉద్దేశమే అంటే తప్పుపాఠం అనే మాటే ఉండదు.

ఒడ్డుగాలి:
పాఠం తేలేలోపు గాలి సంగతి చెబుతా. ఆ తీరంలో గాలికాలాలు రెండు. డిసెంబరు నుంచి మార్చి మొదటి వారాల దాకా ఈశాన్యం, మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి. చైత్రం సరిగ్గా వీటి నడుమ పడుతుంది. ఈశాన్యం చచ్చిపోయి ఉంటుంది, నైరుతి ఇంకా పుట్టదు. మిగిలేది మధ్యాహ్నపు సముద్రపు గాలి ఒక్కటే. నేల కాగాక లేస్తుంది, మూడు నాలుగు గంటలకు ముదురుతుంది, పొద్దు వాలితే పడిపోతుంది. పొద్దున మబ్బు కమ్మితే ఆ రోజుకు అదీ ఉండదు. కాబట్టి “అలస”కే నా ఓటు. ప్రాసతో పని లేకుండా.

మలయమంటే పడమటి కనుమల దక్షిణపు కొస. అక్కణ్ణుంచి వచ్చే గాలి జూన్‌లో అలసంగా ఉండదు. పాలక్కాడు కనుమలోంచి, కిందికి ఆరల్వాయ్‌మొళి సందులోంచి ఇరుక్కుని దూసుకొస్తుంది. ముప్పందల్‌లో గాలిమరలు అన్ని పాతింది అందుకే.

ఇక సెయిల్. 75 కిలోల మనిషైతే 100ని గాలి వేగపు నాట్లతో (నాట్ అంటే గంటకు 1.85 కిలోమీటర్లు) భాగించండి, చదరపు మీటర్లు వస్తాయి. 15 నాట్లకు 6.7, 20కి 5. పది నాట్లకు లెక్క పది మీటర్లంటుంది, అంత గుడ్డ మామూలు బోర్డు మోయదు. అందుకని చైత్రానికి 7.5 కట్టుకోవాలి. ప్లేనింగ్ (బోర్డు నీటి పైకి లేచి జారుతూ దూసుకుపోవడం) ఆశ వదిలి డాగర్‌బోర్డు (బోర్డు మధ్యలోంచి నీళ్లలోకి దిగే పలక) ఉన్న పెద్ద బోర్డు తీసుకుంటే 6.5తోనూ కాలక్షేపం అవుతుంది. గాలి తోపు వేగానికి వర్గంలో పెరుగుతుంది. పది నాట్లు పద్నాలుగైతే తోపు రెట్టింపు. వాతావరణ సూచనలో సగటు గాలి చూసి సెయిల్ కట్టి, గాలి విసురుల వరస చూడనివాళ్లు నీళ్లలో పడేది ఇక్కడే.

తెరచాప:
మరి ఒడ్డు? దక్షిణపు గాలికి దక్షిణపు ఒడ్డేనా?

ఒడ్డుగాలి:
సగం నిజం. ఆ ఇసుక నాలుకకు దక్షిణాన మన్నారు సింధుశాఖ, ఉత్తరాన పాక్ అఖాతం. దక్షిణపు గాలి దక్షిణపు ఒడ్డుకు ఎదురుగా వస్తే అల విరిగి బోర్డును వెనక్కి నెడుతుంది. దిగడం కష్టం, కానీ ఏం విరిగినా ఒడ్డుకే చేరతారు. అదే గాలికి ఉత్తరపు ఒడ్డున నీళ్లు అద్దంలా ఉంటాయి. అది మోసం. గాలి ఒడ్డు నుంచి లోపలికి తోస్తుంటుంది. మాస్ట్‌ఫుట్ (సెయిల్ కొయ్యను బోర్డుకు కలిపే కీలు) ఊడితే శ్రీలంకలోని తలైమన్నారు దాకా దాదాపు ముప్పై కిలోమీటర్లే, మధ్యలో 1974 భారత్-శ్రీలంక ఒప్పందపు సరిహద్దు. ఒడ్డుకు అడ్డంగా, కాస్త ఒడ్డువైపు వాలుతూ వీచే గాలి అన్నిటికన్నా మేలు.

పాక్ అఖాతం వైపు లోతు తక్కువ. 7.5కి 40 సెంటీమీటర్లు దాటిన ఫిన్ (బోర్డు వెనక అడుగున ఉండే రెక్క) వేస్తారు, మోకాటి లోతులో నేలకు తగులుతుంది. ప్లేనింగ్‌లో తగిలితే బోర్డు ఆగుతుంది, మనిషి ఆగడు. దక్షిణం వైపు 21 దీవుల సముద్ర జాతీయ ఉద్యానం ఉంది, దీవుల జోలికి పోకూడదు.

సెయిల్ బిగించేటప్పుడు డౌన్‌హాల్ (కిందికి లాగే తాడు) ముందు, అవుట్‌హాల్ (వెనక్కి లాగే తాడు) తర్వాత. గాలి తక్కువని డౌన్‌హాల్ వదులుగా ఉంచకండి. వెనక అంచు బిగిసి లాగుడు వెనక్కి జరుగుతుంది, ఒక్క విసురు రాగానే వెనక చెయ్యి పీకేస్తుంది. సెయిల్‌కు పొట్ట కావాలంటే అవుట్‌హాల్ రెండు మూడు సెంటీమీటర్లు వదలండి, అంతే.

జిగిబిగి:
దక్షిణపు గాలి అన్నారు కాబట్టి: తెమ్మెర. తమిళంలో వాడై ఉత్తరం, కొండల్ తూర్పు, కోడై పడమర, తెన్రల్ దక్షిణం. మన తెమ్మెరలో మొదటి అక్షరం ఆ “తెన్” కాదూ? మనవాళ్లు దిక్కు మరిచిపోయి చల్లదనం మిగుల్చుకున్నారు.

యతిప్రాస:
“తెన్” అయితే ఆ మకారం ఎక్కడిది? పక్కనే పయ్యెర ఉంది. “ఎర” రెంటికీ ఉమ్మడి అనుకుంటే మిగిలేది “తెమ్మ్”. అది తేమ. గాలికి దిక్కు ఊరు మారితే మారుతుంది, తేమ మారదు.

జిగిబిగి:
పయ్యెరను దక్షిణపు గాలి అనే కదండీ నిఘంటువులో చెప్పింది! మీ సాక్షే నా వైపు వచ్చాడు.

యతిప్రాస:
పయ్యెరకు దక్షిణం అర్థమైతే తెమ్మెరకూ కావాలని ఏముంది?

తెరచాప:
ఇద్దరూ “విలోల దళ” వదిలేశారు. గాలి బలాన్ని అంకెల్లో చెప్పే, 1805లో మొదలైన బోఫోర్ట్ కొలతకు తర్వాత చేర్చిన నేలగుర్తుల్లో ఆకులు గలగలమంటే రెండో అంకె, 4 నుంచి 6 నాట్లు. ఆకులూ సన్న రెమ్మలూ ఆగకుండా కదులుతుంటే మూడు, 7 నుంచి 10. దుమ్ము లేచి చిన్న కొమ్మలు ఊగితే నాలుగు, 11 నుంచి 16. మావిడాకు “విలోలం” అన్నాడంటే మూడో అంకె. పాఠం ఏదైనా పది నాట్లు దాటదు.

ఒడ్డుగాలి:
లెక్క బాగుంది. సముద్రం మీద చూసుకోవాలంటే నురగతలలు లెక్కపెట్టండి. అక్కడక్కడ ఒకటి కనబడితే మూడు, తరచుగా కనబడుతుంటే నాలుగు. 7.5 కట్టాల్సింది ఆ రెంటి మధ్య.

యతిప్రాస:
విలోలం మూడేనని ఎలా? గలగలకు ఏ మాట వాడతాడో చూడాలి కదా. పైగా మావిడాకు బిరుసు, రావాకు కాదు. అది విలోలం కావాలంటే గాలి ఇంకాస్త ఉండాలి.

జిగిబిగి:
లేత మావిడాకండీ, వసంతం. చిగురు మెత్తగా వేలాడుతుంది, ఊదితే ఊగుతుంది. రెండే.

ఒడ్డుగాలి:
“అలస”కు ఇంకో సాక్ష్యం. 15 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు. 30 దగ్గర 1.165 కన్నా తక్కువే. అవే నాట్లకు దక్షిణాన తోపు అయిదు శాతం తగ్గుతుంది. తేమ చేరితే ఇంకా కాస్త.

యతిప్రాస:
తేమ గాలిని తేలిక చేస్తుందా? అయితే తెమ్మెర మీద నా మాట నిలబడినట్టే.

జిగిబిగి:
ఎలా నిలబడింది? “దళసాసవ” విరుపు దగ్గరికి వద్దాం ముందు. దళ + సాసవా, దళస + ఆసవా?