చెక్క పనికి ఎన్95 చాలా, రబ్బరు హాఫ్ మాస్క్ కొనాలా?

బాల్కనీ వడ్రంగి (కూకట్‌పల్లి)
నమస్కారం. పాత ఇళ్ళు కూల్చేచోట టేకు తలుపులు కొనుక్కొచ్చి, ఆదివారాలు బాల్కనీలో అరలు, చిన్న బల్లలు చేసుకుంటున్నాను. రంపం పనికంటే సాండర్ (చెక్కని నున్నగా రుద్దే మిషన్) పట్టినప్పుడే ఇబ్బంది. మర్నాటి దాకా ముక్కులోంచి పొడి వస్తోంది. ఇంట్లో ఆరేళ్ళ పాప ఉంది, చలికాలం పిల్లికూతలు వస్తాయి. ఇప్పటిదాకా కోవిడ్ అప్పుడు మిగిలిన ఎన్95లు వాడాను. వాటితో కళ్ళద్దాలు మసకబారిపోతున్నాయి. ముక్కు, నోరు మాత్రం కప్పి రెండు పక్కలా గుండ్రటి ఫిల్టర్లుండే రబ్బరు హాఫ్ మాస్క్ కొనమని ఒకాయన చెప్పారు. ఫిల్టర్లతో కలిపి రెండు వేల పైమాటే. అంత పెట్టినందుకు నిజంగా తేడా ఉంటుందా? త్వరలో గోడలకి పుట్టీ రుద్దే పని కూడా ఉంది.

సేఫ్టీ రవి (పరవాడ)
కొనండి. ఫార్మా ప్లాంటులో 14 ఏళ్ళు సేఫ్టీ చూశాను కాబట్టి చెబుతున్నాను. 3ఎం కంపెనీ 6200 మాస్క్, మీడియం సైజు, దానికి 2091 ఫిల్టర్ల జత. అది పీ100, అంటే పరీక్షలో 0.3 మైక్రాన్ కణాల్లో 99.97 శాతం ఆపుతుంది. ఎన్95 ఆపేది 95. ఊపిరి వదిలే వాల్వు ముందు, కింది వైపుకి ఉంటుంది కాబట్టి అద్దాల బాధ తగ్గుతుంది.
ఇంకో మాట. పాత తలుపుల రంగులో సీసం ఉండొచ్చు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నియమం 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. ముప్పై ఏళ్ళ నాటి తలుపుని సాండర్‌తో రుద్దకండి. తడిపి గీకండి, గీకిన పెచ్చులు కవర్లో కట్టి పారేయండి. మాస్క్ మిమ్మల్ని కాపాడుతుంది, నేల మీద ఆడుకునే పాపని కాపాడదు.

బాడిస (రాజమండ్రి, ఇప్పుడు మియాపూర్)
మాది మూడు తరాల వడ్రంగం. మా తాతకి మాస్క్ లేదు, మా నాన్నకి లేదు. నాన్న 71 ఏళ్ళ దాకా చిత్రిక పట్టాడు, ఒక్క రోజు దగ్గి ఎరగడు. వారానికో గంట పని చేసుకునేవాళ్ళకి రెండు వేల మాస్క్ దేనికండీ? తువ్వాలు తడిపి కట్టుకోండి. ఆ డబ్బు పెట్టి మంచి ఉలులు కొనుక్కోండి.

ఫణి (డల్లాస్)
రవి గారూ, 99.97 అనేది ఫిల్టర్ అంకె. ముఖానికి పెట్టుకున్న మాస్క్ అంకె వేరు. ఇక్కడ అమెరికాలో పనిచోట భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఓషా లెక్కలో ఎన్95కీ, రబ్బరు హాఫ్ మాస్క్‌కీ రక్షణ అంకె ఒకటే, 10. అంటే బయటున్న ధూళిలో లోపలికి వచ్చేది పదో వంతుకి మించదని. పీ100 బిగించినా ఆ పది మారదు. ఆయన చేత అనవసరంగా ఖర్చు పెట్టించకండి.

సేఫ్టీ రవి
ఆ 10 ఫిట్ టెస్ట్ పాసైన మనిషికి. చేదు మందో శాకరిన్ తీపో చల్లి, లోపల రుచి తెలుస్తుందా అని చూస్తారు. కూకట్‌పల్లి బాల్కనీలో ఆయనకి అది ఎవరు చేస్తారు? రబ్బరు మాస్క్ అయితే పెట్టుకున్న ప్రతిసారీ తనే చూసుకోవచ్చు. ఒక్కో ఫిల్టరు నడిమధ్యన ఉన్న గుంటలో ఒక్కో బొటనవేలు నొక్కి గాలి పీలిస్తే మాస్క్ ముఖానికి అతుక్కోవాలి. తర్వాత వాల్వు మీద అరచెయ్యి పెట్టి మెల్లిగా ఊదితే కొంచెం ఉబ్బాలి, పక్కల నుంచి గాలి తగలకూడదు. వాడి వాడి మెత్తబడిన ఎన్95తో ఇంత నమ్మకంగా చెప్పలేం.

ఫణి
మీరు మొదట చెప్పింది 95 కంటే 99.97 మేలని. నా అభ్యంతరం దాని మీదే. ఇప్పుడు మాట మార్చి బిగుతు గురించి చెబుతున్నారు.

సేఫ్టీ రవి
మాట మార్చలేదు. రెండూ కావాలి. పది అన్నది కనీసం ఇంత అని కట్టిన లెక్క, ఇంతకు మించి రాదని కాదు.

పుట్టీ పనోడు
నాకు షాపులో 6001 డబ్బాలు ఇచ్చి ధూళికి ఇవే పెద్దవన్నారు. రెండు రోజులు గోడ రుద్దాక మాస్క్ లోపల తెల్లటి పొడి. 6001 థిన్నర్ లాంటి ఆవిర్లకి, ధూళికి కాదట. పైన 5ఎన్11 వడపోత, 501 మూత బిగిస్తేనే ధూళి ఆగుతుందని తర్వాత తెలిసింది. కొనేవాళ్ళు నంబరు చూసుకోండి.

స్వామి శరణం
అయ్యప్ప దీక్షలో ఉన్నాను, గడ్డం తీయకూడదు. మాస్క్ పనిచేస్తుందా?

సేఫ్టీ రవి
స్వామీ, రబ్బరు అంచుకీ చర్మానికీ మధ్య గడ్డం ఉంటే ఏ హాఫ్ మాస్కూ బిగుతుగా అతకదు, ఎన్95 కూడా అంతే. మోటారుతో గాలి పంపే హుడ్ ఒక్కటే దారి, అది చాలా ఖరీదు. 41 రోజులూ సాండర్ పక్కన పెట్టి రంపం, చిత్రిక పనులు చేసుకోండి.
బాడిస గారూ, మీ నాన్నగారి విషయంలో కూడా నేను చెప్పేది ఇదే. చిత్రిక పడితే వచ్చేది చుట్టలు చుట్టుకునే పొట్టు. అది కాళ్ళ దగ్గరే పడుతుంది. సాండర్ నుంచి వచ్చేది పిండి కంటే మెత్తన. పని ఆపాక కూడా గంటల తరబడి గాలిలోనే ఉంటుంది. పైగా ఇప్పటి పనిలో వాడే ఎండీఎఫ్ అంటే చెక్క పీచు, ఫార్మాల్డిహైడ్ జిగురు కలిపి నొక్కిన పలక. మీ నాన్నగారి పని, ఇప్పటి పని ఒకటి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 1995లోనే చెక్క ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించేవాటి మొదటి గుంపులో పెట్టింది. ముక్కు, దాని పక్కన సైనస్ గదుల్లో వచ్చే క్యాన్సర్. తువ్వాలు దాన్ని ఆపదు.

బాడిస
వడ్రంగి పనంటే క్యాన్సర్ అని రాసేశారు. మా కులవృత్తి మీద ఇంత మాట తేలిగ్గా అనేస్తారా?

పద్మజ
బాడిస గారూ, నేనూ వడ్రంగి కూతుర్నే. మా నాన్న పని మానేసి ఆరేళ్ళయినా దగ్గు తగ్గలేదు. ముగ్గురు డాక్టర్లకి చూపించాం, ఏం పని చేసేవారని ఒక్కరూ అడగలేదు. మాకూ చెప్పాలని తోచలేదు. రవి గారు వృత్తిని ఏమీ అనలేదు.

ఫణి
మనం అసలు ప్రశ్న వదిలేశాం. ఎన్95 సరిగ్గా పెట్టుకుంటే చాలు అన్నదానికి ఎవరూ జవాబివ్వలేదు.

బాడిస
మీ పదులూ తొంభైతొమ్మిదులూ ఆపండి ఫణి గారూ. నేను ఆరుగురితో ఇంటీరియర్ పనులు చేయిస్తాను. పోయినేడు ఎన్95 డబ్బా నేనే కొనిచ్చాను. పొద్దున పెట్టుకున్నవి పది గంటలకల్లా మెడలోకి దిగేవి. ఎండాకాలం, కిటికీలు మూసిన ఫ్లాటు, పైన చెమట. గట్టిగా చెబితే పని నెమ్మదిస్తుంది. మాకు రేటు చదరపు అడుగు లెక్కన. ఒక రోజు ఆలస్యమైతే ఆ కూలీ నా జేబులోంచే పోతుంది. సాండర్‌కి వాక్యూమ్ గొట్టం పెడతాను, దానికి కొంత ఇవ్వండని ఒక ఇంటాయన్ని అడిగితే, అది మీ సామాను, మాకెందుకన్నాడు.
ఇప్పుడు ప్రశ్న వేసినాయన్నే అడుగుతున్నా. బాబూ, మీ ఫ్లాటులో కప్‌బోర్డులు చేసినవాళ్ళు ముక్కుకి ఏం కట్టుకున్నారు?

బాల్కనీ వడ్రంగి
తువ్వాళ్ళు కట్టుకున్నారండీ. 19 రోజులు చేశారు. ఎండీఎఫ్ పలకలు హాల్లోనే కోశారు. పడగ్గదిలోకి పొడి రాకుండా తలుపు కింద తడిగుడ్డ పెట్టింది నేనే. వాళ్ళకి ఏముందని ఆలోచించలేదు. మీరు అడిగేదాకా ఇది గుర్తు కూడా లేదు.

బాడిస
అందరూ అంతే. నేనూ అంతే.
మా తమ్ముడు పదకొండేళ్ళుగా నా దగ్గర సాండింగే చేస్తున్నాడు. రెండేళ్ళ నుంచి రాత్రిపూట ఆయాసం. ఊరెళ్ళి నాలుగు రోజులుంటే తగ్గిపోతుంది, వచ్చి పనిలో దిగాక మళ్ళీ మొదలు. మాస్క్ కావాలని నేను ఇక్కడ ఒప్పుకుంటే, ఇన్నాళ్ళూ ఎందుకు ఇవ్వలేదని వాడు అడుగుతాడు. నాన్నకి ఏం కాలేదనే వాడికీ చెబుతూ వచ్చాను.

సేఫ్టీ రవి
అన్నా, ఆలస్యం చేయకండి. పనిలో ఉంటే పెరిగి, దూరంగా ఉంటే తగ్గుతోందంటే చెక్క ధూళి వల్ల వచ్చే ఆస్తమా కావచ్చు. ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించి, ఊది చేసే స్పైరోమెట్రీ పరీక్ష చేయించండి. ఏ చెక్క, ఎన్నేళ్ళు, రోజుకి ఎన్ని గంటలు అన్నది మీరే ముందుగా చెప్పండి. డాక్టరు చూసేదాకా తమ్ముణ్ణి సాండర్ దగ్గరికి రానివ్వకండి, మాస్క్ ఉన్నా సరే.
మిగతావాళ్ళకి ఎవరి మాస్క్ వాళ్ళకే ఉండాలి, పేరు రాసి పెట్టండి. సాయంత్రం ఫిల్టర్లు తీసి రబ్బరు భాగాన్ని సబ్బునీళ్ళతో కడగాలి. ఫిల్టర్లని కడగకూడదు, కంప్రెసర్ గాలి కొట్టకూడదు. గాలి పీల్చడం బరువయ్యాక మార్చేయడమే. ఎన్95 మెడలోకి దిగడానికి సగం కారణం లోపల చేరే తడి. వాల్వు ఉన్న రబ్బరు మాస్క్‌తో అది కొంచెం తక్కువ. చెమట మాత్రం పడుతుంది, మధ్యలో విరామం ఇవ్వాలి. పని అయ్యాక చీపురు పట్టనివ్వకండి, తడిగుడ్డతో తుడిపించండి. తుడిచేదాకా మాస్క్ తీయొద్దు.

ఫణి
సాండర్‌కి గొట్టం బిగిస్తే ధూళి పుట్టినచోటే చాలావరకు పోతుంది. వాక్యూమ్‌కి మాత్రం హెపా ఫిల్టర్ ఉండాలి, గుడ్డ సంచి అయితే సన్నపొడిని మళ్ళీ గదిలోకే ఊదుతుంది. పది విషయంలో నా మాట అదే.

పద్మజ
తమ్ముడు తప్పు పట్టడండీ. అడిగినా పరవాలేదు, చెప్పండి.

బాడిస
సోమవారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. కుర్రాళ్ళలో ఇద్దరివి సన్నటి ముఖాలు, వాళ్ళకి చిన్న సైజు 6100 చెప్పాను, మిగతావాళ్ళకి 6200.
రేటు మాట మాత్రం అలాగే ఉంది. ఇకనుంచి కొటేషన్లో ధూళి వాక్యూమ్ అని విడిగా ఒక లైను రాస్తాను. ముందు కొట్టేసేది ఆ లైనే అని నాకు తెలుసు.

బాల్కనీ వడ్రంగి
మాకు పూజగది పని మిగిలి ఉంది. ఆ లైను ఉంచే పంపండి.