ఫుట్‌బాల్ జట్టుకు వేగం, దమ్ము రెండూ ఎలా నిలుస్తాయి?

ప్రశ్న (వ్యాయామ ఉపాధ్యాయుడు, అమలాపురం)

మా కళాశాల జట్టు రోజూ తెల్లవారుజామున కాలువ గట్టు మీద గంటసేపు ఏకధాటిగా పరుగెడుతోంది. దమ్ము పెరిగిన మాట నిజమే కానీ, బంతి కోసం ఒక్కసారిగా ఉరకవలసిన చోట మునుపటి చురుకు కనిపించడం లేదు. పరుగు తగ్గిస్తే రెండో అర్ధభాగంలో చతికిలబడతారేమోనని భయంగా ఉంది. అనుభవజ్ఞులు దారి చూపగలరు.

సమాధానం (శిక్షకుడు, రాజమహేంద్రవరం)

మాస్టారూ, 90 నిమిషాల ఆటలో పెద్దల స్థాయి ఆటగాడు పది కిలోమీటర్లకు పైగా తిరిగినా అందులో అధికభాగం నడక, మెల్లని పరుగే; ఆటను మలుపు తిప్పేవి రెండు మూడు సెకన్ల ఉరుకులు. కండరంలో అప్పటికప్పుడు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్ నిల్వ, శక్తినంతా పెట్టి పరుగెడితే పది సెకన్లకే చాలావరకు తరిగిపోతుంది, మళ్లీ నిండడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. అందువల్ల 20, 30 మీటర్ల పరుగులను ఒళ్లు వేడెక్కిన వెంటనే, కాళ్లు అలసిపోకముందే, ఒక్కోదాని తరువాత రెండు మూడు నిమిషాలు ఆపి చేయించండి. పిల్లలు ఊరికే నిలబడ్డారని చూసేవారు అనుకున్నా పట్టించుకోకండి, ఎందుకంటే ఆయాసపడుతూ తీసిన పరుగు వేగాన్ని పెంచదు. గట్టు మీద గంట పరుగు మానిపించడమే మేలని నా అభిప్రాయం.

సమాధానం (మాజీ క్రీడాకారుడు, భీమవరం)

పూర్తిగా మానిపించడం నాకు సమ్మతం కాదు. పోటీలు లేని నెలల్లో అది పునాదిగా పనికొస్తుంది. పోటీలు మొదలయ్యాక మాత్రం దాని స్థానంలో విరామ పరుగులు, అంటే కొంతసేపు గట్టిగా పరుగెత్తి మధ్యమధ్య మెల్లగా పరుగెడుతూ తేరుకునేవి, రావాలి. నార్వేలో యువ ఫుట్‌బాల్ ఆటగాళ్లపై జరిగి 2001లో వెలువడిన పరిశోధనలో, గరిష్ఠ గుండె వేగంలో 90 నుంచి 95 శాతం స్థాయిలో నాలుగేసి నిమిషాల పరుగులు నాలుగు, మధ్యలో మూడేసి నిమిషాల మెల్లని పరుగుతో, వారానికి రెండుసార్లు చొప్పున ఎనిమిది వారాలు చేయించారు. ఆటలో వారు తిరిగే దూరమూ, తీసే ఉరుకుల సంఖ్యా పెరిగాయి, వేగం తగ్గలేదు. మీ భయానికి నేరుగా జవాబు ఇదే.

సమాధానం (క్రీడాకారిణి, నరసాపురం)

మన తీరప్రాంతపు ఉక్కపోతలో చెమట ఆరదు కనుక ఒంటి వేడి దిగదు, అదే పరుగుకు గుండె మరింత వేగంగా కొట్టుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ నాలుగు పరుగులను మూడుకు తగ్గించి, ఎండ ఎక్కకముందే ముగించాలండి. వానాకాలంలో తడిసిన ఒండ్రునేల మీద పూర్తి వేగంతో ఉరికిస్తే కాలు జారి తొడ వెనుక కండరం చిరిగే ప్రమాదం ఉంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం పోటీ ఉన్న వారంలో వీటిని ఎలా సర్దాలి?

శిక్షకుడు, రాజమహేంద్రవరం

సోమవారం విశ్రాంతి ఇచ్చి, మంగళవారం మొదట వేగపు పరుగులు, ఆ తరువాతే విరామ పరుగులు పెట్టండి. గురువారం వేగం ఒక్కటే చాలు. శనివారం బంతితో తేలికపాటి సాధన చేయించి త్వరగా ఇంటికి పంపించండి.