పాత ఫుట్‌బాల్ క్లబ్బుల అప్పులు, యజమానులు: ఏ కాగితం చూస్తే ఏం తెలుస్తుంది?

ఎర్రకార్డు: 1867లో పుట్టిన షెఫీల్డ్ వెడ్నెస్‌డే 2025 అక్టోబరులో అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది, అంటే అప్పులు తీర్చలేక బయటి నిర్వాహకుల చేతికి పోయింది. లీగ్ పట్టికలో 12 పాయింట్లు కోత పడ్డాయి. అంతకు ముందు నెలల్లో జీతాలు పదే పదే ఆలస్యమయ్యాయి. కానీ జీతాలు ఆగేసరికే ఆలస్యం అయిపోయినట్టు. ఇంకా ముందే పట్టుకోవాలంటే బయటివాళ్లు ఏం చూడాలి? జట్టు ఆటతీరు గొడవ వద్దు, లెక్కల సంగతి తెలిసినవాళ్లు రాయండి.

ఆడిటర్ బాబాయ్: మొదట చూడాల్సింది బ్యాలెన్స్ షీటు కాదు, స్టేడియం ఎవరి పేరున ఉందో. ఇంగ్లండ్ క్లబ్బులైతే ల్యాండ్ రిజిస్ట్రీలో 7 పౌండ్లు కడితే టైటిల్ రిజిస్టర్ వస్తుంది. ఓనరు పేరు, తాకట్టు ఉంటే ఎవరి దగ్గరో అందులోనే ఉంటుంది.

తర్వాత కంపెనీస్ హౌస్, అంటే బ్రిటన్‌లో కంపెనీల కాగితాలు నమోదయ్యే చోటు. దీనికి పైసా కట్టక్కర్లేదు. క్లబ్ పేరుతో వెతికితే అలాంటి పేర్లే నాలుగైదు వస్తాయి, కాబట్టి క్లబ్ సైట్ అడుగున ఉండే కంపెనీ నంబరు కొట్టండి. అక్కడ "చార్జెస్" అనే ట్యాబ్ తెరవండి. చార్జి అంటే ఆస్తి మీద అప్పిచ్చినవాళ్లకున్న తాకట్టు హక్కు. ఒక్కో అప్పుకీ తేదీ, అప్పిచ్చినవాళ్ల పేరు, తీరిందా లేదా అన్నది ఉంటాయి. "అవుట్‌స్టాండింగ్" అని ఉంటే ఇంకా తీరనట్టే. ఈ ట్యాబ్ ఎందుకు ముఖ్యమంటే, వార్షిక లెక్కలు దాఖలు చేయడానికి ప్రైవేటు కంపెనీకి 9 నెలల గడువు ఉంటుంది. చార్జి మాత్రం 21 రోజుల్లో నమోదు కావాలి. అంటే లెక్కలు పాత కథ చెబుతాయి, చార్జీలు ఈ నెల కథ చెబుతాయి. బ్యాంకుల పేర్లు పోయి, ఎక్కువ వడ్డీకి కొద్ది నెలల అప్పులిచ్చే సంస్థల పేర్లు వరసగా కనిపిస్తున్నాయంటే క్లబ్బుకి మామూలు అప్పు పుట్టడం లేదన్నమాట.

లెక్కలు గడువు దాటితే అదే పేజీలో "ఓవర్‌డ్యూ" అని పడుతుంది. దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆడిటరు సంతకం పెట్టడం లేదనడానికి చాలాసార్లు అదే మొదటి గుర్తు.

పెనాల్టీ బాక్స్: బాబాయ్ చెప్పిన స్టేడియం సంగతికి డర్బీ కౌంటీ కన్నా మంచి ఉదాహరణ లేదు. అప్పటి నియమం ప్రకారం చాంపియన్‌షిప్‌లో (ఇంగ్లండ్ రెండో డివిజన్) మూడేళ్లకు కలిపి నష్టం 39 మిలియన్ పౌండ్లు దాటకూడదు. 2018లో అప్పటి ఓనరు మెల్ మోరిస్ ప్రైడ్ పార్క్ స్టేడియాన్ని తన సొంత కంపెనీకే 81 మిలియన్లకు అమ్మించారు. పుస్తకాల్లో దాని విలువ అందులో సగమే. అలా వచ్చిన 40 మిలియన్ల దాకా లాభంతో ఆ ఏడాది నష్టం కాస్తా లాభమై కూర్చుంది. షెఫీల్డ్ వెడ్నెస్‌డే కూడా తన స్టేడియం హిల్స్‌బరోని ఇలాగే 60 మిలియన్లకు ఓనరు కంపెనీకి అమ్మింది. అయితే ఆ లాభాన్ని తప్పు సంవత్సరంలో చూపినందుకు 12 పాయింట్లు కోత పడింది, అప్పీలు మీద 6 అయింది (ఇది 2025 నాటి కోత కాదు, అంతకు ముందుది).

అసలు దెబ్బ తర్వాత తగులుతుంది. 2021 సెప్టెంబరులో డర్బీ అడ్మినిస్ట్రేషన్‌కి వెళ్లినప్పుడు క్లబ్ ఒకరి చేతిలో, స్టేడియం ఇంకొకరి చేతిలో. కొనేవాడు రెండు చోట్లా బేరమాడాలి. నెలల తరబడి ఒప్పందం కుదరలేదు. చివరికి స్థానిక వ్యాపారి డేవిడ్ క్లోస్ ముందు స్టేడియం కొని, తర్వాత క్లబ్ కొన్నాకే 2022లో బయటపడింది. ఈలోగా మొత్తం 21 పాయింట్లు పోయి, లీగ్ వన్‌కి (మూడో డివిజన్) దిగిపోయింది.

ఎర్రకార్డు: ఇంగ్లండ్‌లోని బరీ క్లబ్ కూడా ఇదే కోవలోకి వస్తుందా?

ఆడిటర్ బాబాయ్: వస్తుంది, ఇంకా ఘోరంగా. 1885లో పెట్టిన క్లబ్, 1900లోనూ 1903లోనూ ఎఫ్ఏ కప్ గెలిచింది. గిగ్ లేన్ మైదానాన్ని తాకట్టు పెట్టారు, ఆఖరికి అక్కడి కార్ పార్కింగ్ స్థలాలు కూడా విడివిడిగా పెట్టుబడిదారులకు అమ్మారు. 2018 డిసెంబరులో క్లబ్ చేతులు మారింది, ధర ఒక్క పౌండు. ఒక్క పౌండుకి క్లబ్ దొరికిందంటే దాని అప్పులన్నీ కూడా దొరికినట్టే. ఆ సీజన్లో జట్టు పై డివిజన్‌కి ప్రమోషన్ సంపాదించింది కూడా. అయినా నడపడానికి డబ్బుందని రుజువు చూపలేక 2019 ఆగస్టు 27న లీగ్ నుంచి బహిష్కరణ. మైదానంలో గెలుపు లెక్కల్లో రోగాన్ని కప్పేస్తుంది, అందుకే ప్రమోషన్ వచ్చిన ఏడాదే చార్జెస్ ట్యాబ్ రెండుసార్లు చూడాలి.

కోడిపుంజు_07: మనవాళ్లకి దగ్గరి ఉదాహరణ బ్లాక్‌బర్న్ రోవర్స్. 1875 నాటి క్లబ్, 1995లో ప్రీమియర్ లీగ్ చాంపియన్. 2010 నవంబరులో 23 మిలియన్ పౌండ్లకు వెంకీస్ కొన్నారు. పుణె కంపెనీ అంటారు గానీ, వ్యవస్థాపకులు బి.వి. రావు గారు హైదరాబాద్‌లో మొదలుపెట్టిన హేచరీల వ్యాపారమే అది. 2012లో జట్టు ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోయింది, 2017లో మూడో డివిజన్‌కి పడింది, మరుసటి ఏడు మళ్లీ లేచింది.

న్యాయంగా చెప్పాలంటే ఓనర్లు క్లబ్బు సొమ్ము ఎత్తుకుపోయిన కేసు కాదిది, ఏటేటా వాళ్లే డబ్బు పోశారు. ప్రమాదం అక్కడే ఉంది. ఆ డబ్బు ఇండియా నుంచి రావాలి. ఈడీ ఫెమా (విదేశీ మారక చట్టం) విచారణ మొదలయ్యాక పంపడానికి ఢిల్లీ హైకోర్టు అనుమతి కావలసి వచ్చింది, బ్యాంకు గ్యారంటీ పెట్టాల్సి వచ్చింది. ఆ రోజుల్లోనే, 2024 జనవరి బదిలీ గడువు చివర్లో, ఆడమ్ వార్టన్‌ని క్రిస్టల్ ప్యాలెస్‌కి అమ్మారు. ఓనరు ఎంత మంచివాడైనా పైపు ఒక్కటే అయితే, ఎక్కడో ఆఫీసులో ఫైలు ఆగితే ఇక్కడ జీతాలు ఆగుతాయి. కాబట్టి లెక్కల్లో "గోయింగ్ కన్సర్న్" నోటు, అంటే కంపెనీ ఇక ముందు నడవగలదా అన్నది చెప్పే భాగం, తప్పక చదవండి. "మాతృసంస్థ మద్దతు కొనసాగుతుందన్న భరోసాతో" అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటే, ఆ మద్దతుకి కట్టుబడి ఉండాలన్న ఒప్పందం ఉందా, ఎన్ని నెలలకి అన్నది వెతకండి. చాలాచోట్ల వట్టి ఉత్తరమే ఉంటుంది.

సాల్ట్‌లేక్ గ్యాలరీ: కోల్‌కతాది ఇంకో రకం. 1920 నాటి ఈస్ట్ బెంగాల్ సభ్యుల క్లబ్. 2020లో పెట్టుబడి కోసం శ్రీ సిమెంట్‌తో టర్మ్ షీట్ (తుది ఒప్పందానికి ముందు రాసుకునే ప్రాథమిక షరతుల కాగితం) మీద సంతకం అయింది, ఆటలూ మొదలయ్యాయి, తుది ఒప్పందం మీద మాత్రం క్లబ్ సంతకం పెట్టలేదు. ఏడాదికి పైగా నలిగి, 2022లో దాని స్థానంలో ఇమామీ సంస్థ వచ్చింది. టర్మ్ షీట్‌తోనే క్రీడా హక్కులు అప్పగిస్తే విడిపోయేటప్పుడు అవి వెనక్కి తెచ్చుకోవడమే పెద్ద పని. హక్కులు ఎప్పుడు, ఏ షరతుల మీద తిరిగొస్తాయో మొదటి పేజీలోనే రాయించుకోవాలి.

స్టాపేజ్ టైమ్: జర్మనీలోలా 50+1 నియమం పెడితే ఇవన్నీ ఆగవా? ఓట్లలో సగానికి పైగా సభ్యులవే కదా.

పెనాల్టీ బాక్స్: అమ్మేయడం ఆగుతుంది, అప్పులు ఆగవు. షాల్కే సభ్యుల క్లబ్బే, 2021లో దిగిపోయేనాటికి అప్పులు 200 మిలియన్ యూరోలు దాటాయి. 1860 మ్యూనిక్‌లో పెట్టుబడిదారుకు 60 శాతం వాటా ఉన్నా ఓటు మాత్రం పరిమితం. ఆ పేచీలతోనే 2017లో మూడో డివిజన్ లైసెన్సుకి కావలసిన డబ్బు అందక నాలుగో డివిజన్‌లో పడింది. అయినా సరే, మైదానం అమ్మకుండా సభ్యులు ఆపగలరు. నా దృష్టిలో దానికోసమైనా ఆ నియమం ఉండాలి.

ఆడిటర్ బాబాయ్: ఇంగ్లండ్‌లో అభిమానులు చేయగలిగేది ఇదీ. స్టేడియాన్ని స్థానిక కౌన్సిల్ దగ్గర "అసెట్ ఆఫ్ కమ్యూనిటీ వాల్యూ"గా నమోదు చేయించండి. అమ్మకానికి పెడితే స్థానిక సంఘం పోటీకి ముందుకొచ్చినప్పుడు 6 నెలలు ఆపాలి. కాకపోతే ఆ సంఘానికే అమ్మాలన్న బలవంతం లేదు. పైగా నమోదు 5 ఏళ్లకి చెల్లిపోతుంది, మళ్లీ దరఖాస్తు చేయకపోతే రక్షణ పోయినట్టే. 2025 ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టంతో వచ్చిన స్వతంత్ర నియంత్రణ సంస్థ మైదానం అమ్మకం మీద కూడా కన్నేసి ఉంచుతుంది, కానీ కాగితాలు చూసే పని మీరు మానొద్దు.

క్లబ్బుని కొనడానికి అభిమానుల ట్రస్టు పెట్టాలంటే క్లబ్ బాగున్నప్పుడే పెట్టండి. పోర్ట్స్‌మత్‌లో అభిమానులు తలా 1000 పౌండ్ల వాటాలు కొని, 2013 ఏప్రిల్‌లో క్లబ్ తీసుకున్నారు. అక్కడా ఆఖరి గొడవ ఫ్రాటన్ పార్క్ మైదానం ధర మీదే, హైకోర్టు గుమ్మం దాకా వెళ్లాక 3 మిలియన్లకు తెగింది. అడ్మినిస్ట్రేషన్ మొదలైన రోజు నుంచి వారాల్లో బిడ్ వేయాలి. బ్యాంకు ఖాతా, సభ్యుల జాబితా, లాయరు అప్పటికే ఉండాలి. ఆటగాళ్ల జీతాలు, ఇతర క్లబ్బుల బదిలీ బాకీలు పూర్తిగా కట్టాలన్నది లీగ్ నియమం కాబట్టి బిడ్ మొత్తంలో మొదట అది తీసి పక్కన పెట్టండి. 2020 డిసెంబరు నుంచి బ్రిటన్ పన్నుల శాఖకి కూడా వ్యాట్, జీతాల పన్ను బాకీల్లో మామూలు అప్పులవాళ్లకన్నా ముందు వాటా వస్తుంది.

ఎర్రకార్డు: హిల్స్‌బరో టైటిల్ రిజిస్టర్ ఇవాళే తీస్తాను. చార్జెస్ ట్యాబ్‌లో ఉన్నవి తేదీల వారీగా ఇక్కడే పెడతాను, బాబాయ్ గారూ, చూసి చెప్పండి.