స్క్రీన్ రీడర్ మొరాయిస్తే ముందు రీఇన్‌స్టాలా, లాగ్ చూడటమా?

ట్యాబ్ కీ:
అందరికీ నమస్కారం. ఒక పంచాయితీ తీర్చాలి. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ వాడతాను, తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అది. కొన్నాళ్లుగా పొడవాటి మెయిల్ తెరిస్తే చాలు, గొంతు ఆగిపోతోంది. బాణం కీ నొక్కితే కాసేపటికి గానీ పలకదు, ఒక్కోసారి అసలే పలకదు. ఆల్ట్ ట్యాబ్‌తో వేరే విండోలోకి వెళ్లి వస్తే మళ్లీ దారిలో పడుతుంది. ఆఫీసు ఐటీ వాళ్లది ఒకటే మాట: "తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి." నాతో పనిచేసే ఇంకో స్క్రీన్ రీడర్ యూజర్ మాత్రం "ముట్టుకోకు, ముందు లాగ్ చూడు" అంటాడు. లాగ్ అంటే ప్రోగ్రామ్ తను చేసిన పనులూ, వచ్చిన ఎర్రర్లూ రాసుకునే ఫైల్. ఇద్దరూ గట్టిగానే చెబుతున్నారు. మీరైతే ముందు ఏం చేస్తారు? ఎందుకు?

నైట్ షిఫ్ట్:
రీఇన్‌స్టాలే. ఇందులో చర్చ ఏముంది? నాది కాల్స్ తీసుకునే ఉద్యోగం. అవతల కస్టమర్ లైన్లో ఉండగా గొంతు పోతే నా ముందు కంప్యూటర్ ఉన్నా లేనట్టే. ఆ టైంలో లాగ్ ఉండే టెంప్ ఫోల్డర్లో దూరి ఎర్రర్లు చదువుకోమంటారా? జీతం ఇచ్చేది కాల్ తీసుకున్నందుకు, లాగ్ చదివినందుకు కాదు. ఇంకో మాట. ఇక్కడ ఎవరు ఏం అడిగినా "లాగ్ పెట్టండి" అనడం ఒక అలవాటైపోయింది. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు ఆ మాట వినగానే మళ్లీ కనబడట్లేదు.

లాగ్ పురుగు:
నా పేరు చూసి నేనేమంటానో ఊహించే ఉంటారు. కానీ నా అభ్యంతరం టైం గురించి కాదు. ఎన్‌వీడీఏని అన్‌ఇన్‌స్టాల్ చేసినా మీ సెట్టింగులు, యాడ్-ఆన్లు (పైనుంచి కలుపుకునే చిన్న అదనపు ప్రోగ్రామ్‌లు) పోవు. అవి ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉండవు, మీ యూజర్ ఖాతా కింద యాప్ డేటా ఫోల్డర్లో ఉంటాయి. మళ్లీ ఇన్‌స్టాల్ చేయగానే అవే వచ్చి కూర్చుంటాయి. తేడా చేసింది యాడ్-ఆన్ అయితే మీ రీఇన్‌స్టాల్ చెప్పులో రాయి ఉంటే చొక్కా మార్చుకున్నట్టే.

నిజంగా కొత్త స్థితికి తేవాలంటే వేరే దారులున్నాయి. ఎన్‌వీడీఏ కీ (మామూలుగా ఇన్సర్ట్), కంట్రోల్, ఆర్ కలిపి గబగబా మూడుసార్లు నొక్కితే సెట్టింగులు మొదటికి వస్తాయి. ఒక్కసారే నొక్కితే చివరగా సేవ్ చేసుకున్న సెట్టింగులకు మాత్రమే వెళ్తుంది. యాడ్-ఆన్ల మీద అనుమానం ఉంటే ఎన్‌వీడీఏ కీ, క్యూ నొక్కండి. బయటికి వెళ్లే డైలాగ్ వస్తుంది. అందులో కింది బాణంతో పోతే "యాడ్-ఆన్లు లేకుండా రీస్టార్ట్" అనే ఎంపిక దొరుకుతుంది. అది ఆ ఒక్కసారికే పనిచేస్తుంది, మామూలుగా మళ్లీ రీస్టార్ట్ చేస్తే అన్నీ తిరిగొస్తాయి. పోయేదేమీ లేదు.

ఇక లాగ్ సంగతి. ప్రతి రీస్టార్ట్‌కీ పాత లాగ్ పేరు ఎన్‌వీడీఏ-ఓల్డ్‌గా మారి, కొత్తది మొదలవుతుంది. ఇంకోసారి రీస్టార్ట్ చేశారా, ఆ ఓల్డ్ కూడా చెరిగిపోతుంది. అంటే తంటా వచ్చినప్పుడు కంగారులో వరుసగా రెండుసార్లు రీస్టార్ట్ చేస్తే సాక్ష్యం పోయినట్టే. రీఇన్‌స్టాల్ సలహాలో నాకు నచ్చనిది ఇదే. బాగు చేయదు సరికదా, ఉన్న ఆధారాన్ని కూడా తుడిచేస్తుంది.

పాతకాపు:
ఇద్దరూ రెండో మెట్టు నుంచి మొదలుపెట్టారు. కొత్తవాళ్లకి స్క్రీన్ రీడర్ నేర్పడం నా పని. "సార్, మాట్లాడట్లేదు" అని వచ్చేవాళ్లలో చాలామందికి రీఇన్‌స్టాలూ అక్కర్లేదు, లాగూ అక్కర్లేదు. ఎన్‌వీడీఏ కీతో పాటు వేలు జారి ఎస్ తగిలి ఉంటుంది. స్పీచ్ మోడ్ మారిపోయి మాటలకు బదులు బీప్‌లు వస్తుంటాయి, లేదా పూర్తి నిశ్శబ్దం. అదే జంట మళ్లీ నొక్కుతూ పోతే తిరిగి మాటల దగ్గరికి వస్తుంది. అక్కర్లేని మోడ్లను స్పీచ్ సెట్టింగుల్లోకి వెళ్లి ఆ వరుసలోంచి తీసేయొచ్చు. నేను అందరికీ మొదటి రోజే తీయించేస్తాను. షిఫ్ట్ కూడా కలిసిందంటే డెస్క్‌టాప్ కీబోర్డ్ లేఅవుట్‌లో అది స్లీప్ మోడ్. ఆ ఒక్క ప్రోగ్రామ్‌లోనే నోరు మూసుకుంటుంది, మిగతా చోట్ల భేషుగ్గా పలుకుతుంది. యూజరేమో ప్రోగ్రామ్‌ని తిడుతూ కూర్చుంటాడు.

ఏ ప్రోగ్రామ్‌లోనూ పలకకపోతే ముందు కంట్రోల్, విండోస్, ఎంటర్ నొక్కి విండోస్‌తో వచ్చే స్క్రీన్ రీడర్ నేరేటర్‌ని లేపండి. అదీ పలకకపోతే గొడవ సౌండ్‌లో ఉంది. మ్యూట్ అయి ఉంటుంది, లేదా హెచ్‌డీఎంఐ తగిలించగానే ధ్వని స్పీకర్లు లేని మానిటర్‌కి పోయి ఉంటుంది, లేదా పక్క గదిలో వదిలేసిన బ్లూటూత్ హెడ్‌సెట్‌కి. నేరేటర్ పలికితే సౌండ్ బాగున్నట్టు. వెంటనే దాన్ని ఆపేయండి, రెండు స్క్రీన్ రీడర్లు ఒకేసారి నడిస్తే కీబోర్డ్ దగ్గర కొట్టుకుంటాయి. తర్వాత కంట్రోల్, ఆల్ట్, ఎన్ కొట్టి ఎన్‌వీడీఏని మళ్లీ లేపండి. మొదలయ్యేటప్పటి సంగీతం వినబడి మాట మాత్రం రాకపోతే తేడా సింథసైజర్‌లో, అంటే అక్షరాలను గొంతుగా మార్చే భాగంలో. అప్పుడు ఎన్‌వీడీఏ కీ, కంట్రోల్, ఎస్ నొక్కి, ఇంగ్లీషు అక్షరం 'ఈ' కొట్టి, ఎంటర్ కొడితే ఈస్పీక్ గొంతు వస్తుంది. అక్కడ ఏ మాటా వినబడకపోయినా చేతి అలవాటు మీద చేసేయొచ్చు. ఈస్పీక్ ఎన్‌వీడీఏతో పాటే వస్తుంది, వేరే ఏదీ పనిచేయనప్పుడు దిక్కు అదే.

తెలుగు చదివేవాళ్లకి ఇంకోటి. ఇంగ్లీషు మాత్రమే తెలిసిన గొంతు పెట్టుకుంటే తెలుగు లైను వచ్చేసరికి మారు మాట్లాడకుండా దాటేస్తుంది. అది కూడా "చెడిపోయింది" కింద నా దగ్గరికి వస్తుంది.

నైట్ షిఫ్ట్:
పాతకాపు గారు చెప్పింది ఒప్పుకుంటాను. లాగ్ పురుగు గారు అన్నదీ, సెట్టింగులు పోవన్నది, సరే. కానీ లాగ్ గురించి ఎవరూ ఎత్తని మాట ఒకటుంది. అన్నీ వివరంగా రాసే డీబగ్ స్థాయిలో పెడితే ఆ లాగ్‌లో స్క్రీన్ రీడర్ పలికిన ప్రతి వాక్యం, నేను నొక్కిన ప్రతి కీ పడతాయి. నా స్క్రీన్ మీద ఉండేది కస్టమర్ల పేర్లు, ఖాతాలు. నేను కొట్టే పాస్‌వర్డ్ కూడా ఆ కీలలోనే ఉంటుంది కదా! దాన్ని తెచ్చి ఇక్కడ పెట్టమంటారు. ఉద్యోగం ఊడితే ఎవరిది బాధ్యత?

లాగ్ పురుగు:
న్యాయమైన భయం. ఇందులో మీ పక్షమే. ఇక్కడ లాగ్ అడిగేవాళ్లు ఆ హెచ్చరిక కూడా చెప్పి తీరాలి. అయితే మామూలుగా ఉండే స్థాయి "ఇన్ఫో". అందులో కీలూ పడవు, పలికిన మాటలూ పడవు. ట్యాబ్ కీ గారికి అదే చాలు. విండోస్, ఆర్ నొక్కి, పర్సెంట్ గుర్తుల మధ్య టెంప్ అని కొడితే ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఎన్, వి అక్షరాలు వరసగా కొడితే ఫైల్ దగ్గరికి వెళ్తారు. ముందు దాన్ని వేరే చోటికి కాపీ చేసుకోండి. నోట్‌ప్యాడ్‌లో తెరిచి "ఫ్రోజెన్" అనే మాట వెతకండి. ఎన్‌వీడీఏ ఎక్కువసేపు బిగుసుకుపోయినప్పుడల్లా వాచ్‌డాగ్ అనే కాపలా భాగం "కోర్ ఫ్రోజెన్ ఇన్ స్టాక్" అని రాసి, ఆ క్షణంలో ఏ ఫైల్ నడుస్తోందో కింద వరుసగా పెడుతుంది. ఆ వరుసలో యాడ్-ఆన్స్ ఫోల్డర్ పేరు కనబడితే పక్కనే దోషి పేరు కూడా ఉంటుంది. దానికి ప్రోగ్రామర్ కానక్కర్లేదు. డీబగ్ దాకా వెళ్లాల్సి వస్తే మాత్రం పని విండోలన్నీ మూసేసి, మీకు మీరే పంపుకున్న ఒక ఉత్తుత్తి మెయిల్ మీద చేయండి.

టెర్మినల్ తాత:
మీ గొడవ వింటుంటే లైనక్స్ వాళ్లం అదృష్టవంతులం అనిపిస్తోంది. మాకు రీఇన్‌స్టాల్ అనే ఆశే లేదు. స్క్రీన్ రీడర్ ఓర్కా వేరు, దాని మాటలను గొంతుకు అందించే స్పీచ్ డిస్పాచర్ వేరు, దాని కింద ఈస్పీక్ వేరు, ఆ కింద ధ్వనిని స్పీకర్లకు పంపే పైప్‌వైర్ వేరు. ఓర్కాని ఎన్నిసార్లు తీసి పెట్టినా పైప్‌వైర్‌లో ఉన్న తేడా అక్కడే ఉంటుంది. టెర్మినల్‌లో ఎస్‌పీడీ-సే కమాండ్‌తో ఒక మాట పలికించి చూస్తాను. పలికితే ఓర్కాని రీప్లేస్ ఆప్షన్‌తో మళ్లీ లేపుతాను, పలకకపోతే కిందికి దిగుతాను. ఏ అంతస్తులో ఆగిందో తేలకుండా దేన్నీ మార్చను.

ఎనిమిదో చుక్క:
మ్యాక్‌లో స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్, సిస్టమ్‌లోనే భాగం. 2005లో టైగర్ అనే మ్యాక్ వెర్షన్‌తో వచ్చినప్పటి నుంచీ అంతే. రీఇన్‌స్టాల్ అంటే సిస్టమ్ మొత్తం. కాబట్టి కమాండ్, ఎఫ్5తో ఆపి లేపడం, కుదరకపోతే వాయిస్‌ఓవర్ యుటిలిటీలో ప్రిఫరెన్సులన్నీ రీసెట్ చేయడం. ఆ రీసెట్‌కి ముందు సెట్టింగులు ఎక్స్‌పోర్ట్ చేసుకోకపోతే ఏడవాలి.

నేను చెప్పదలచుకున్నది వేరే. స్క్రీన్ రీడర్ "బటన్, బటన్, బటన్" అని చదువుతూ పోతోందంటే దాని తప్పేం లేదు. ఆ ప్రోగ్రామ్ రాసినవాళ్లు బటన్లకు పేర్లు పెట్టలేదు. ఐటీ వాళ్లు దీనికి కూడా రీఇన్‌స్టాలే చెబుతారు, ఎందుకంటే వాళ్ల కళ్లకు బొమ్మ కనబడుతోంది మరి. ఇంకో స్క్రీన్ రీడర్‌తో చూడండి. అక్కడా "బటన్" అనే అంటే ఫిర్యాదు ప్రోగ్రామ్ వాళ్లకు వెళ్లాలి. జావాలో రాసిన ప్రోగ్రామ్ మొత్తానికి మొత్తం మూగగా ఉంటే మాత్రం జావా యాక్సెస్ బ్రిడ్జ్ (జావా ప్రోగ్రామ్‌లను స్క్రీన్ రీడర్‌కి అందించే భాగం) ఆన్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి.

నైట్ షిఫ్ట్:
అందరూ కలిసి నన్ను రీఇన్‌స్టాల్ నుంచి లాగేస్తున్నారు, సరే. కానీ నా అసలు ప్రశ్నకి జవాబు రాలేదు. షిఫ్ట్ మధ్యలో గొంతు పోతే ఆ నిమిషంలో ఏం చేయాలి? వెతకడం ఇంటికి పోయాక చూసుకుంటాను.

పాతకాపు:
పోర్టబుల్ కాపీ, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే ఎన్‌వీడీఏ. ఎన్‌వీడీఏ టూల్స్ మెనూలో తయారు చేసుకునే ఎంపిక ఉంది. పెన్‌డ్రైవ్‌లే పెట్టనివ్వని ఆఫీసైతే హార్డ్ డిస్క్‌లోనే ఒక ఫోల్డర్లో పెట్టుకోండి. తయారు చేసేటప్పుడు "ప్రస్తుత యూజర్ సెట్టింగులు కాపీ చేయాలా" అని ఒక చెక్‌బాక్స్ వస్తుంది. దాన్ని టిక్ చేయకండి! చేశారంటే జబ్బున్న యాడ్-ఆన్ కూడా అందులోకి వచ్చేస్తుంది, ఇక ఆ కాపీ ఉండి ఏం లాభం? గొంతు పోగానే పోర్టబుల్‌ని నడపండి, ఇన్‌స్టాల్ అయి ఉన్నదాన్ని అదే దించేస్తుంది. ఒక లోటు మాత్రం ఉంది. అడ్మిన్ అనుమతి అడిగే స్క్రీన్‌నీ, లాగిన్ స్క్రీన్‌నీ పోర్టబుల్ చదవలేదు. వాటికి నేరేటరే.

ట్యాబ్ కీ:
ఫలితం చెబుతాను. ముందు లాగ్ కాపీ చేసుకున్నాను. యాడ్-ఆన్లు లేకుండా లేపితే అదే పొడవాటి మెయిల్ మొదటి నుంచి చివరి దాకా తడబడకుండా చదివింది. లాగ్‌లో "ఫ్రోజెన్" అని ఉన్న ప్రతిచోటా కింద ఒకే యాడ్-ఆన్ పేరు. చాలాకాలంగా అప్‌డేట్ లేనిది. యాడ్-ఆన్ స్టోర్‌లో అననుకూలం అని చూపిస్తున్నా బలవంతంగా ఆన్ చేసి ఉంది. ఈ ల్యాప్‌టాప్ నాకు ఇచ్చినప్పటికే అలా పెట్టి ఇచ్చారు. తీసేశాను, ఇప్పుడు హాయిగా ఉంది. ఐటీ వాళ్లకి చెబితే "చూశారా, రీఇన్‌స్టాల్ చేస్తే పోయేది కదా" అన్నారు. పోయేది కాదు అని లాగ్ పురుగు గారి మాటలే చెప్పాను. నమ్మినట్టు లేదు.

లాగ్ పురుగు:
అనుకున్నదే. ఎన్‌వీడీఏ ఏటా మొదటి విడుదలలో యాడ్-ఆన్లకు సంబంధించిన లోపలి పద్ధతులు మార్చుకోవచ్చని నియమం పెట్టుకుంది. అందుకే 2024.1, 2025.1 లాంటి నంబర్లు వచ్చినప్పుడు పాత యాడ్-ఆన్లు అననుకూలం కింద పడతాయి. బలవంతంగా ఆన్ చేసే వీలు ఇచ్చారు గానీ, నన్నడిగితే ఇవ్వకుండా ఉండాల్సింది.

టెర్మినల్ తాత:
ఇవ్వకపోతే ఎలాగయ్యా? రాసినవాడు వదిలేసిన యాడ్-ఆన్ మీదే ఉద్యోగం నడుస్తున్నవాళ్లు ఉన్నారు. వాళ్లేం చేయాలి, పాత వెర్షన్‌లోనే ఉండిపోవాలా?

నైట్ షిఫ్ట్:
ఉండిపోతే తప్పేంటి? నేను "పాయింట్ వన్" అని ఉన్నదేదీ పెట్టను. పాయింట్ టూ వచ్చాక, సెలవు రోజు చూసుకుని పెడతాను. అప్పటికి యాడ్-ఆన్ల వాళ్లు కూడా సర్దుకుంటారు.

ఎనిమిదో చుక్క:
ఆ గ్యాప్‌లో సెక్యూరిటీ లోపం ఏదైనా సరిచేసి ఉంటే అది కూడా మీకు రాదు కదా అక్కా. పాయింట్ వన్‌ని పోర్టబుల్‌గా దించుకుని, ఒక పూట దాంతో పని చేసి చూడండి. నచ్చితే ఇన్‌స్టాల్, లేకపోతే ఫోల్డర్ డిలీట్.

నైట్ షిఫ్ట్:
ఆ పూట కూడా కాల్స్ తీసుకోవాల్సింది నేనే కదా తమ్ముడూ. పాయింట్ టూనే.