గాలివానలో పీడనం తగ్గాలి కదా, మా బరంపురంలో పెరిగిందేంటి?

బరంపురం కుర్రాడు:
అందరికీ నమస్తే. మొన్న మధ్యాహ్నం దాకా ఎండ మాడ్చేసింది, మూడు దాటాక వాయవ్యం వైపు ఆకాశం ఒక్కసారిగా నల్లబడి దుమ్ము లేచింది, వెనకే ఈదురుగాలి, ఆ వెనక వడగళ్ళు, పావుగంటలో వణుకు పుట్టేంత చల్లబడిపోయింది. నా ఫోన్లో బారోమీటర్ ఉంది, ఫైలిన్ తుపాను చూసినప్పటి నుంచి ఆ అంకె మీద కన్నేసి ఉంచడం అలవాటు. పొద్దున 1004 ఉన్నది మధ్యాహ్నానికి 1000కి దిగింది, అప్పుడే టెన్షన్ మొదలైంది. తీరా గాలి కొట్టాక ఇంకా తగ్గాల్సింది పోయి నిమిషాల్లో 1003కి ఎగబాకింది, వాన వెలిశాక మళ్ళీ దిగింది. తుపాను అంటే అల్పపీడనం అనే కదా చిన్నప్పటి నుంచి రేడియోలో వింటున్నాం, మరి ఈ పెరగడం ఏమిటి? ఫోన్ పాడైందా? మా వాట్సాప్ గ్రూపులో అయితే ఇదంతా అలాస్కాలో ఉన్న హార్ప్ మిషన్ పని అని తిప్పుతున్నారు, అది విని మా అమ్మ హడలిపోతోంది. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

పర్లాకిమిడి ఫిజిక్స్ మాస్టారు:
ఫోన్ బాగానే ఉంది బాబూ, నువ్వు చూసిన అంకెలూ సరైనవే. సంబంధం లేని రెండు సంగతులు ఒకే మధ్యాహ్నం కలిశాయి, అంతే.

పొద్దున్నుంచి మధ్యాహ్నానికి తగ్గింది చూడు, దానికీ గాలివానకీ సంబంధం లేదు. సముద్రానికి ఉన్నట్టే వాతావరణానికీ ఆటుపోట్లున్నాయి. సూర్యుడి వేడిని పైనున్న ఓజోనూ గాలిలోని నీటి ఆవిరీ పీల్చుకోవడం వల్ల పీడనం రోజూ రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది, ఉదయం పది, రాత్రి పది ప్రాంతంలో ఎక్కువ, తెల్లవారుజామున నాలుగు, సాయంత్రం నాలుగు ప్రాంతంలో తక్కువ. మనలాంటి వేడి ప్రాంతాల్లో ఇది బాగా కనిపిస్తుంది, మబ్బు తునక లేని రోజున కూడా మూడు నాలుగు హెక్టోపాస్కల్స్ (నీ ఫోన్ అంకె ఈ కొలతలోనే) తేడా వస్తుంది. దానికి భయపడితే రోజూ భయపడాల్సిందే.

ఇక ఎగబాకిన సంగతి. మీకు వచ్చింది తుపాను కాదు, కాలవైశాఖి. మార్చి నుంచి మే దాకా ఛోటా నాగ్‌పూర్ పీఠభూమి వైపు పుట్టి బెంగాల్, ఒడిశాల మీదికి వచ్చే ఉరుముల వాన. కింద బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ గాలి, దాని మీద వాయవ్యం నుంచి వచ్చే పొడి గాలి, పైగా నేల కాలిపోతూ ఉంటుంది, ఈ మూడూ కలిసిన మధ్యాహ్నం కింది గాలి ఒక్కసారి పైకి తన్నుకుని పది పన్నెండు కిలోమీటర్లు దాటి మబ్బు లేస్తుంది. ఆ మబ్బులోంచి పడే వాన చినుకులు దారిలో పొడి గాలి తగిలి కొంత ఆవిరవుతాయి, వడగళ్ళు కొంత కరుగుతాయి, ఈ రెండిటికీ కావలసిన వేడి చుట్టూ ఉన్న గాలి నుంచే పోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి కిందికి జారి, బిందెడు నీళ్ళు గచ్చు మీద కుమ్మరిస్తే నాలుగు వైపులా పరుచుకున్నట్టు నేల మీద పరుచుకుంటుంది. నీకు ముందుగా తగిలిన దుమ్ముగాలి దాని అంచు. ఆ బరువైన చల్లగాలి మీ ఊరి మీద నిలిచినంతసేపూ నెత్తిన ఉన్న గాలి బరువు పెరిగినట్టే కదా, పీడనమంటే ఆ బరువే. మబ్బు దాటిపోగానే మళ్ళీ దిగుతుంది.

హార్ప్ గురించి మీ అమ్మగారికి ధైర్యం చెప్పు. అలాస్కాలో అలాంటి పరిశోధన కేంద్రం ఉన్న మాట నిజమే, అది రేడియో తరంగాలతో అయనావరణాన్ని పరిశీలిస్తుంది, అంటే ఎనభై కిలోమీటర్లకు పైన. మన వానలు, ఉరుములు, తుపాన్లు అన్నీ పదిహేను, పద్దెనిమిది కిలోమీటర్ల లోపలే జరిగిపోతాయి. ఎండాకాలపు ఎండా, సముద్రపు తేమా చాలు దీనికి, ఎక్కడి నుంచో యంత్రం తిప్పాల్సిన పని లేదు.

గోపాలపూర్ వాడబలిజ:
మాస్టారు చెప్పింది బాగుంది. మాది వేటకెళ్ళే కుటుంబం, తుపాను సంగతి వేరుగా ఉంటుందని మేం చెప్పగలం. కాలవైశాఖి గంటలో వచ్చి గంటలో పోతుంది, తుపానుకి ముందు సముద్రం మారుతుంది, ఇక్కడ గాలి లేకపోయినా దూరం నుంచి పొడవాటి అలలు ఒడ్డుకి రావడం మొదలవుతుంది. ఫైలిన్ 2013 అక్టోబరు 12 రాత్రి మా ఊరి దగ్గరే తీరం దాటింది, గాలి గంటకు 200 కిలోమీటర్ల పైమాటే, మధ్యలో పీడనం 940 దాకా పడిందని తర్వాత ప్రకటించారు. మామూలుగా 1013 ఉండాల్సిన చోట 940! పీడనం ఒక్క హెక్టోపాస్కల్ తగ్గితే సముద్రం ఒక సెంటీమీటరు లేస్తుందట, దాని మీద గాలి తోసే నీళ్ళు అదనం. 9వ తేదీన మామూలు తుపాను, 10కల్లా అతి తీవ్రం అయిపోయింది, అంత తొందరగా ముదరడమే నాకు అన్నిటికన్నా భయం. ముందే లక్షల మందిని ఖాళీ చేయించారు గనుక ప్రాణాలు దక్కాయి, 1999లో దాదాపు పది వేల మంది పోయిన రాష్ట్రం ఇది. కాబట్టి అన్నలూ, ఫోన్లో అంకె ఎంత ఉన్నా సరే, పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగిరితే బోటు దించకండి.

కోరాపుట్ నుంచి:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఇది చదివి నేనూ యాప్ వేసుకున్నాను, నా ఫోన్లో 912 చూపిస్తోంది! 1999 సూపర్ సైక్లోన్‌లో కూడా 912 అని ఎక్కడో చదివాను. బయట చూస్తే ఆకు కదలడం లేదు. ఏం చేయమంటారు?

పర్లాకిమిడి ఫిజిక్స్ మాస్టారు:
ఏమీ చేయక్కర్లేదమ్మా, మీరు కొండ మీద ఉన్నారు. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తు, నేల దగ్గర సుమారు ఎనిమిదిన్నర మీటర్లు ఎక్కితే ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది, లెక్క వేసుకోండి. మీ ఫోన్ చూపేది మీరున్న చోటి పీడనం, వాతావరణ శాఖ తుపానుకి చెప్పేది సముద్రమట్టం దగ్గరి పీడనం, రెండూ పోల్చకూడదు. మూడంతస్తుల మేడ ఎక్కినా ఒక హెక్టోపాస్కల్ దాకా తగ్గుతుంది, ఘాట్ రోడ్డు మీద బస్సులో చూస్తే చెప్పనే అక్కర్లేదు. అందుకే ఫోన్ ఎప్పుడూ ఒకే చోట పెట్టి చూడాలి.

ఇంకో విచిత్రం కూడా చెబుతాను, ఏ మబ్బూ లేకుండానే పీడనం ఎగిరి పడిన రోజు ఒకటుంది. 2022 జనవరి 15న పసిఫిక్‌లో టోంగా దగ్గర సముద్రంలోని అగ్నిపర్వతం పేలితే, ఆ పేలుడు పుట్టించిన అల గాలిలోనే ప్రయాణించి భూమిని మళ్ళీ మళ్ళీ చుట్టింది. ఆ రాత్రి మన దేశపు బారోమీటర్లలోనూ చిన్న ఎగుడుదిగుడు కనిపించింది.

బరంపురం కుర్రాడు:
చాలా థాంక్స్ మాస్టారూ, అన్నా. అమ్మకి చదివి వినిపించాను. ఇంకొక్క మాట, రోజూ అదే తగ్గుతూ పెరుగుతూ ఉంటే అక్టోబరులో నిజంగా ఏదో వస్తోందని ఎలా పట్టుకోవాలి?

పర్లాకిమిడి ఫిజిక్స్ మాస్టారు:
పొద్దుటి అంకెతో సాయంత్రం అంకె పోల్చకు, నిన్న ఇదే టైముకి ఎంత, ఇవాళ ఎంత అని చూడు. వాతావరణ శాఖ వాళ్ళు కూడా 24 గంటల మార్పును చూస్తారు. రోజువారీ ఆటుపోటు ఆ లెక్కలో దానంతటదే కొట్టుకుపోతుంది, మిగిలింది అసలు మార్పు. రోజు రోజుకీ తగ్గుతూ, పది గంటలకు రావలసిన పెరుగుదల కూడా రాకపోతే అప్పుడు బులెటిన్ తెరిచి వాయుగుండం ఎక్కడుందో చూసుకో. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, గాలి దెబ్బ ఉద్దానం తిన్నది, కానీ మా గజపతి జిల్లా కొండల్లో ప్రాణాలు తీసింది ఆ తర్వాత కురిసిన వానకి విరిగిపడిన కొండచరియలే. గాలి తగ్గింది, పీడనం పెరుగుతోంది కదా అని కొండ వాలు కింద ఇళ్ళకి వెంటనే వెళ్ళిపోకూడదు.

గోపాలపూర్ వాడబలిజ:
కాలవైశాఖికి మాత్రం బారోమీటర్ చూసే టైమే ఉండదు తమ్ముడూ, అది పెరిగేసరికి గాలి మీద పడే ఉంటుంది. ఫోన్లో దామిని యాప్ వేసుకో, దగ్గర్లో పిడుగులు పడుతుంటే చెబుతుంది, మేం ఒడ్డున వలలు ఆరబెట్టేటప్పుడు అదే చూసుకుంటాం.